బెండకాయ జిగురు

తమ్ముడూ,

ఫోన్లో మాట్లాడితే మీ బావ వింటారని రాసి పంపిస్తున్నాను.

పోయినసారి వచ్చినప్పుడు మీ ల్యాబు కబుర్లు చెప్పావు కదా. ముందు బెండకాయ జిగురు తాగించి, తర్వాత నొప్పి మాత్రలు వేస్తే, ఆ జిగురు పొరలా పట్టుకుని ఎలుకల కడుపులో పుండ్లు పడకుండా కాపాడిందన్నావు. మీ బావ అదే పట్టుకున్నారు. కడుపులో పుండుంది, నడుము నొప్పి మాత్రలు ఆపమని డాక్టరు మొత్తుకున్నా, గ్లాసుడు జిగురు తాగి మరీ మింగుతున్నారు. కూనిరాగాలు తీస్తూ కుట్టు మిషన్ తొక్కుతున్నారు. వద్దంటే, "మీ తమ్ముడి కంటే నీకెక్కువ తెలుసా?" అంటారు.

కడుపులో మంట లేదట. కానీ మనిషి పాలిపోయారు. మెట్లెక్కితే ఆయాసం. దొడ్డికి తారులా నల్లగా అవుతోందని తనే చెప్పి, జిగురుకి ఒంట్లో చెత్తంతా పోతోందని మురిసిపోయారు.

జిగురు తెల్లగానే ఉంది కదరా? మరి ఆ నలుపు లోపల కారిన నెత్తురు కాదు కదా?

నువ్వు చెబితేనే వింటారు. ఈ ఉత్తరం తెచ్చినాయనతోనే బయల్దేరి రా.

ఎలుకల కడుపు బాగుందని ఎలా తెలిసిందని ఆ రోజు నేనడిగితే, కోసి చూశాం అన్నావు. మీ బావ పడీపడీ నవ్వారు.

మీ అక్క