గోడ దాటని తూటా

అక్కా,

టైలరమ్మను బతిమాలి ఈ ఉత్తరం నీ బట్టల మడతలో పెట్టించాను. చదవగానే పొయ్యిలో పడెయ్యి.

నేను తూటాల కొట్టులో చేరిన సంగతి బావకు తెలియదు. ఇక్కడ ఎవరొచ్చినా ముందు రెండు ప్రశ్నలు అడుగుతాం: దేన్ని కొట్టాలి, ఎంత దూరం నుంచి? పిట్టకైతే సన్న గుండ్లున్న తూటా, అడవి పందికైతే లావువి.

నిన్న వెనకగదిలో పెట్టెలు సర్దుతుంటే బావ గొంతు వినిపించింది.

"పందులండీ, పొలం పాడుచేస్తున్నాయి."

మీకు పొలం ఎక్కడిదక్కా?

"ఎంత దూరం?" అన్నాడు ఓనరు.

"నాలుగడుగులు."

"అంత దగ్గరికొస్తే పందే మిమ్మల్ని వేటాడుతుంది బాబూ!" అని ఓనరు పగలబడి నవ్వాడు.

బావ నవ్వలేదు. "తూటా గోడ దాటి పక్కింట్లోకి పోకూడదు. అలాంటిది కావాలి," అన్నాడు.

లైసెన్సు తెమ్మని ఓనరు పంపేశాడు. ఆయన మా బావ, మీకు పొలమే లేదని నేను చెప్తే, "మీ ఇంటి గొడవల్లోకి నన్ను లాగకమ్మా," అన్నాడు. బావ గురువారం పొద్దున పదింటికి మళ్ళీ కొట్టుకు వస్తానన్నాడు. ఆయన గడప దాటగానే పాపనెత్తుకుని బస్టాండుకు వచ్చెయ్యి. నేనక్కడే ఉంటాను, ఇద్దరం నేరుగా పోలీసుల దగ్గరికి పోదాం. సంచి సర్దకు. తలుపుకు తాళం కూడా వెయ్యకు. తిరిగొచ్చి చూసినా, సందు చివరిదాకా వెళ్ళావనుకుని ఆయన కాసేపు కూర్చుంటాడు. మనకు ఆ కాసేపు చాలు.

నీ చెల్లి