జ్ఞానవతికి కప్పిన శాలువా

జంగ్లీఘాట్, 15-5-1976

తమ్ముడు అప్పలరాముడికి నూకన్న దీవెనలు. నా జ్వరం తగ్గి ఆస్పత్రి నుంచి వచ్చేశాను, నువ్వు ఓడెక్కి ఈ దీవికి రానక్కరలేదు. నన్ను నిలబెట్టింది మా పక్కింట్లో అద్దెకుండే నర్సు జ్ఞానవతి. రాత్రిపూట వార్డంతటికీ ఆమె ఒక్కతే. అయినా ఎవరి మీదా విసుక్కోదు.

మొన్న నర్సుల దినమని మన తెలుగు సంఘం సభ పెట్టింది. అధ్యక్షుడు జోగులు ఆమెకు శాలువా కప్పి దేవత అన్నాడు. ఆమె ఇంటి యజమానీ వాడే. ఆ సాయంత్రమే వచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"సిస్టర్ దీదీ, తెల్లారగట్ల మావోళ్లు బోటెక్కే యేళకి నువ్వు సావులూ పురుళ్లూ ముట్టుకుని ఎదరొత్తన్నావు. వలలో సేప పడతం నేదు. ఇల్లు కాళీ సేసీ."

"మీ కోడలికి పురుడు పోసి నేను వచ్చిందీ ఆ వేళకే కదా భయ్యా, ఆ రోజు చేపలు పడలేదా?"

"ఆ దినం మేం ఏటకి ఎల్నేదు."

ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత సిగ్గులేని జవాబు ఎక్కడా చదవలేదు.

ఇల్లు దొరక్కపోతే బదిలీ పెట్టుకుంటానని ఆమె ఏడ్చింది. నీ అనుమతి కోసం ఆగకుండా, ఇక్కడ నువ్వు తాళం వేసి వెళ్లిన ఇల్లు తెరిచి ఆమెను దింపాను. వానలకు కప్పు కారుతోంది, రేకులు మార్పించనా? మామిడి ఒరుగులు పంపు.

రాత్రి డ్యూటీల ఉద్యోగం మనకొద్దని నీ కూతుర్ని నర్సు చదువుకు పోనివ్వలేదు నువ్వు. ఈ కార్డు నీకు చదివి వినిపిస్తున్నది ఆ గురువమ్మే కదా, దానికి నా ఆశీస్సులు.