నర్సు పేజీలో నలభై ఒక్క గీతలు

మందుల షాపు,
మూడో తేదీ

అత్తయ్యకు,

నీ మేనకోడలి నమస్కారాలు. నువ్వూ మావయ్యా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే మావయ్య ఎత్తుతున్నారు. పక్కన నీ కుట్టుమెషీన్ చప్పుడుకి ఏమీ వినపడక ‘రాంగ్ నంబర్’ అని పెట్టేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మా ఆడవాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బుకి నన్ను కార్యదర్శిని చేశారు. చేశారంటే, ఎవరు చేస్తారని అడిగినప్పుడు మిగతా అందరూ తమ చెప్పుల వైపు చూసుకుంటుంటే నేనొక్కదాన్నే తలెత్తాను. వారం తిరక్కుండా మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. మన గ్రౌండులో లారీలు నిలుపుతారట. ఆ స్థలం ముప్పై అయిదేళ్ల కిందట మున్సిపాలిటీ చేతికి వచ్చింది. అంతకు ముందు నుంచే క్లబ్బు అక్కడ ఆడుతోందని రుజువు చూపిస్తే సరే. లేదంటే ముప్పయ్యో తేదీకల్లా గోల్ స్తంభాలు పీక్కుని వెళ్లాలి.

ముందు నుంచీ ఆడుతున్నామని ఊరందరికీ తెలుసు. కానీ వాళ్లకి కాగితం కావాలి. క్లబ్బు బీరువా తెరిస్తే మినిట్స్ పుస్తకాలన్నీ చెదలు తినేశాయి, అట్టలు మాత్రం మాకు వదిలాయి. రోజూ సాయంత్రం నలభై మంది ఆడపిల్లలు ప్రాక్టీసుకి వస్తున్నారు. రేపట్నుంచి రావద్దని వాళ్లకి చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే క్లబ్బు చరిత్ర రాసి అధికారికి ఇద్దామనుకుంటున్నాను. మొదటి జట్టుకి బట్టలు కుట్టింది నువ్వే కదా. నీ దగ్గర ఏ చిన్న కాగితం ఉన్నా పంపు.

ఇట్లు,
నీ మేనకోడలు, కార్యదర్శి

తా.క.: కవరు మీద ‘బుడంకాయ్‌కి’ అని రాయకు. పోయినసారి పోస్ట్‌మ్యాన్ అది కస్టమర్ల ముందు బిగ్గరగా చదివాడు. దగ్గు మందు కొనుక్కునే ముసలాయన ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తున్నాడు.

*

కుట్టు షాపు,
ఏడో తేదీ

కార్యదర్శి బుడంకాయ్‌కి,

అత్తయ్య ఆశీస్సులు. మేం కులాసా. మీ మావయ్య రిటైరై పదేళ్లయినా ఆఫీసు ఆయన్ని వదల్లేదు. పాలవాడికి రాసే చీటీ కింద కూడా కార్బన్ కాగితం పెట్టి, నకలుకి నంబరు వేసి దాస్తున్నారు.

నా దగ్గర మీ క్లబ్బు కాగితాలేం లేవు గానీ అప్పటి కొలతల పుస్తకం ఉంది. పార్సిల్ చేశాను. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేర్ల కోసం వెతక్కు, నేను పేర్లు రాయను. మనిషి చేసే పనే నాకు గుర్తుంటుంది. ‘బేకరీ’ అంటే మీ వీధి చివర బేకరీ ఆవిడే, ముందు వరసలో ఆడేది. ‘నర్సు’ అంటే ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, వెనకాల ఎడమ పక్క కంచె దగ్గర నిలబడేది. మొదటి పేజీలో గుండుసూదితో గుచ్చిన వంకాయ రంగు ముక్క చూడు. మిల్లు మూసేస్తూ అమ్మిన ఆఖరి తాను అది. పదకొండు మందికీ జెర్సీలూ నిక్కర్లూ దాన్లోంచే లాగాను. చివరికి జేబురుమాలంత కూడా మిగల్లేదు.

పేజీల అడుగున గీతలు ఉంటాయి. వాటి సంగతి రాద్దామంటే ఇప్పుడే ఒకావిడ చంకలో కోటు పెట్టుకొచ్చి నా నెత్తిన నిలబడింది. మళ్లీ రాస్తాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఆ మున్సిపాలిటీ అధికారి నడుము ఎంత ఉంటుందో చూసి రాయి. నడుము చెబితే వాడితో ఎలా మాట్లాడాలో నేను చెబుతాను.

*

మందుల షాపు,
పన్నెండో తేదీ

అత్తయ్యకు,

నమస్కారాలు. నీ పుస్తకం అందింది. అది కొలతల పుస్తకమా, బంగారు గని. ఇంత చరిత్ర బల్ల సొరుగులో పెట్టుకుని ఇన్నేళ్లూ గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నావా?

నువ్వు చెప్పకపోయినా గీతల సంగతి నేనే కనిపెట్టాను. అవి ఎవరెన్ని గోల్స్ వేశారన్న లెక్క. నర్సు గారి పేజీలో నలభై ఒక్క గీతలున్నాయి, ఒక్కోదాని పక్కనా తేదీ ఉంది. వెనకాల నిలబడి నలభై ఒక్క గోల్స్ వేసిందంటే ఆవిడ మనిషి కాదు. ఇక బేకరీ ఆవిడకి రెండంటే రెండు. మేం బ్రెడ్డుకి వెళ్లినప్పుడల్లా తన గోల్స్ గురించి ఆవిడ కోసిన కోతలన్నీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

వచ్చే ఆదివారం నర్సు గారికి సన్మానం పెట్టాం. అధికారినే ముఖ్య అతిథిగా పిలిచాను, రుజువు కళ్లారా చూస్తాడని. ‘నలభై ఒక్క గోల్స్ నర్సు’ అని గేటుకి అడ్డంగా బ్యానర్ కట్టించాను. కేకు మీద 41 అని రాయమన్నాను. ఊళ్లో ఉన్నది ఒకే బేకరీ కాబట్టి కేకు అక్కడే చెప్పాల్సి వచ్చింది. ఆ అంకె ఎందుకని ఆవిడ అడిగితే తర్వాత తెలుస్తుందని చెప్పాను.

ఇట్లు,
గ్రౌండు దక్కించుకోబోతున్న కార్యదర్శి

తా.క.: అధికారి దగ్గరికి వెళ్లాను గానీ ఆయన బల్ల వెనక కూర్చునే ఉన్నాడు. మెడ వరకే కొలవగలిగాను.

*

కుట్టు షాపు,
పదిహేనో తేదీ, ఉన్న పళంగా

బుడంకాయ్,

ముందు ఆ బ్యానర్ దింపించు. అవి గోల్స్ కావే, చిరుగులు. నర్సు నిక్కరు వెనకాల చిరిగి నా దగ్గరికి అతుకు కోసం వచ్చినప్పుడల్లా ఒక గీత గీశాను. దర్జీ పుస్తకంలో గోల్స్ ఎందుకు రాస్తారు? నీ షాపులో మందుల చీటీ మీద సినిమా పాటలు రాస్తారా?

నర్సు జన్మలో వేసింది ఒక్కటే గోల్, అది కూడా మన గోల్లోనే. బేకరీ చెప్పినవన్నీ నిజాలే. ఆవిడ నిక్కరు రెండుసార్లే చిరగడం ఆవిడ తప్పు కాదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఈ ఉత్తరం ఆదివారానికి అందుతుందో లేదో. కనీసం కేకు మీద అంకె చెరిపించు.

*

మందుల షాపు,
పంతొమ్మిదో తేదీ

అత్తయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం సోమవారం అందింది.

ఆదివారం ఏం జరిగిందో రాస్తాను, కూర్చుని చదువు. నేను మైకులో ‘నలభై ఒక్క గోల్స్’ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. నర్సు గారు మైకు తీసుకుని, “నలభై ఒకటేంటమ్మా? నేనేసింది ఒక్కటే. అది కూడా మన గోల్‌కీపర్ పక్కనుంచే పోయింది” అన్నారు. అప్పటికే బేకరీ ఆవిడ మొదటి వరసలోంచి లేచారు. “అంటే నేను చేసిన కేకు మీద నువ్వు నా గోల్స్ రాయించుకున్నావన్నమాట” అని నర్సు గారిని అన్నారు. కేకుతో, కత్తితో, అట్టపెట్టెతో సహా ఎత్తుకుని వెళ్లిపోయారు. నలభై ఏళ్ల స్నేహితురాళ్లు ఇప్పుడు ఎదురుపడితే ఒకళ్లు రోడ్డు దాటుతున్నారు.

అది నా తప్పే, వాళ్ల కాళ్లు పట్టుకునైనా సర్దిచెబుతాను. అసలు దెబ్బ అధికారి కొట్టాడు. నీ పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, “తెరిచిన మొదటి పేజీలోనే నలభై ఒక్క అబద్ధాలు దొరికాయి. మిగతాది నేనెలా నమ్మను?” అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను, దాచడం ఎందుకు. ముప్పయ్యో తేదీ ఆఖరి విచారణ. పిల్లలు నిన్న గోల్ స్తంభాలకి రంగు వేసుకున్నారు. వద్దని చెప్పలేకపోయాను.

ఒక్క సంగతి మాత్రం అర్థం కావడం లేదు. ఒక మనిషి నిక్కరు నలభై ఒక్కసార్లు ఎలా చిరుగుతుంది?

ఇట్లు,
బుడంకాయ్ (ఇప్పుడు ఎలా పిలిచినా ఒకటే)

తా.క.: మా షాపుకి బేకరీ నుంచి టీ బిస్కెట్లు ఆగిపోయాయి. దగ్గు మందు ముసలాయన సహా అందరూ నన్నే తిడుతున్నారు.

*

కుట్టు షాపు,
ఇరవై రెండో తేదీ

బుడంకాయ్‌కి,

ఆశీస్సులు. ఏడవకు. నువ్వు అడగాల్సిన ప్రశ్న ఇన్నాళ్లకి అడిగావు.

గ్రౌండుకి ఎడమ పక్కన మున్సిపాలిటీ సామాన్ల యార్డు ఉండేది, గుర్తుందా? దీపస్తంభాలూ పైపులూ పడేసేవాళ్లు. మధ్యలో ముళ్లకంచె. బంతి అటు పడిందంటే కంచె దగ్గర నిలబడేది నర్సు కాబట్టి, దూకి తేవాల్సింది తనే. దూకినప్పుడల్లా నిక్కరు ముక్క కంచెకి అంటుకునేది. తను బంతి తెచ్చి ఇచ్చి, జెర్సీ కిందికి లాక్కుంటూ నా దగ్గరికి వచ్చేది.

ఆ యార్డులో ఒక గుమస్తా గారు ఉండేవారు. ఆయన చాలా పద్ధతైన మనిషి. కంచె దూకిన ప్రతిసారీ తేదీ వేసి పై ఆఫీసుకి ఫిర్యాదు రాసేవారు. కంచె మీద దొరికిన గుడ్డముక్కలోంచి అంగుళం కత్తిరించి సాక్ష్యంగా ఆ కాగితానికి గుచ్చేవారు. ఆ రంగు గుడ్డ మళ్లీ దొరకదు కదా, మిగతా ముక్క కోసం నేనే యార్డుకి వెళ్లి బతిమాలి తెచ్చుకునేదాన్ని, అతుకు వేయడానికి.

ఇప్పుడు ఆలోచించు. ఆ ఫిర్యాదులన్నీ మున్సిపాలిటీ ఫైలులోనే ఉండాలి. నా పుస్తకంలో తేదీలు, వాళ్ల ఫైలులో తేదీలు పక్కపక్కన పెట్టు. నా మాట నమ్మకపోతే వాడు వాడి ఆఫీసు మాటైనా నమ్మాలి. యార్డు ఫిర్యాదుల ఫైలు కావాలని అర్జీ పెట్టు.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఆ గుమస్తా గారి గురించి నన్ను ఎక్కువ అడక్కు. చేతినిండా పని ఉంది.

*

మందుల షాపు,
ముప్పై ఒకటో తేదీ

అత్తయ్యకు,

వెయ్యి నమస్కారాలు. గ్రౌండు మనదే.

విచారణకి రికార్డు గదిలోంచి ఫైలు తెప్పించారు. దుమ్ము దులిపితే గది అంతా తుమ్ములు. లోపల నలభై ఒక్క ఫిర్యాదులు, ఒక్కటి తక్కువ లేదు. ‘పక్క మైదానంలో ఫుట్‌బాల్ ఆడు స్త్రీలలో ఒకరు నేడు మరల కంచె దూకిరి’ అని ప్రతి దాంట్లోనూ ఉంది. ప్రతి కాగితానికీ అంగుళం వంకాయ రంగు ముక్క. నేను నీ పుస్తకంలోంచి తేదీ చదువుతుంటే అధికారి ఫైలులో వేలు పెట్టి చూసుకున్నాడు. పదో ఫిర్యాదు దాకా మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఇరవయ్యో దానికి నవ్వాపుకోలేకపోయాడు. ఆఖరిది కూడా స్థలం వాళ్ల చేతికి రావడానికి ఏడాది ముందుదే. “మా ఆఫీసే మీ చరిత్ర రాసిపెట్టిందన్నమాట” అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. బయట పిల్లలు నన్ను ఎత్తబోయారు, కుదరక దింపేశారు.

నర్సు గారూ బేకరీ ఆవిడా విచారణకి వేరు వేరు బెంచీల మీద కూర్చున్నారు. ఇరవయ్యో చిరుగు దగ్గర ఇద్దరూ ఒకే బెంచీ మీద పడి నవ్వుతున్నారు. బిస్కెట్లు మళ్లీ వస్తున్నాయి.

ఒక్కటి మిగిలింది. ప్రతి ఫిర్యాదు చివరా ‘కంచెను వెంటనే బాగుచేయించవలెను’ అని ఉంది. దాని కింద ఉన్నది మావయ్య సంతకం. మావయ్య నీటిపన్ను సెక్షన్లో పనిచేశారనే నాకు తెలుసు. అధికారిని కూడా ‘వాడు’ అనే నువ్వు, ఆ గుమస్తాని మాత్రం అన్నిసార్లు ‘గారు’ అని ఎందుకన్నావో ఇప్పుడు తెలిసింది. మొత్తం చెప్పు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: అధికారి లేచి చెయ్యి కలిపినప్పుడు చూశాను. నలభై నాలుగు ఉంటుంది. ఇంక అవసరం లేదనుకో.

*

కుట్టు షాపు,
నాలుగో తేదీ

బుడంకాయ్‌కి,

ఆశీస్సులు. గ్రౌండు దక్కిందని చదివి మెషీన్ ఆపేశాను. ఇన్నేళ్లలో పని మధ్యలో మెషీన్ ఆపడం అదే మొదటిసారి.

ఇక దాచి లాభం లేదు. నలభై ఒకటిలో మొదటి మూడే ప్రమాదాలు. మూడోసారి గుడ్డముక్క కోసం వెళ్లినప్పుడు మీ మావయ్య నాకు స్టూలు తుడిచి వేశారు. టీ తెప్పించారు. ఆ ముక్కకి రసీదు కూడా రాసిచ్చారు. ఇంటికొచ్చాక నాకు కుట్టు వంకర పోవడం మొదలైంది. మళ్లీ వెళ్లాలంటే ముక్క ఉండాలి. ముక్క ఉండాలంటే బంతి అటు పడాలి. వెళ్లి బేకరీకి చెప్పుకున్నాను. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మిగతా ముప్పై ఎనిమిదీ ఆవిడ కావాలని కొట్టినవే. గోల్ ఎదురుగా ఖాళీగా ఉన్నా అటు తిరిగి కంచె మీద నుంచి, సరిగ్గా ఆయన బల్ల పక్కన పడేలా కొట్టింది. ఒక ఫైనల్లో కూడా అలాగే కొట్టింది, మీ క్లబ్బు కప్పు అందుకే పోయింది. గురి లేని మనిషని ఊరంతా అన్నా ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. సన్మానం చేస్తే ఆవిడకి చెయ్యి. నలభై ఒకటోది పడిన నెలకే మా పెళ్లి.

నువ్వు చరిత్రలో ఇదంతా రాస్తావో మానేస్తావో నీ ఇష్టం. నర్సుకి మాత్రం చెప్పకు. చిరిగింది పాపం ఆవిడది. మీ మావయ్యకి కూడా తెలియకూడదు, ఆయన ఇప్పటికీ మీ క్లబ్బు వాళ్లకి బంతి కొట్టడం రాదనే అనుకుంటున్నారు.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఉత్తరం మడతపెడుతుంటే చూశాను, ప్యాడులో ఈ కాగితం కింద కార్బన్ పెట్టి ఉంది. నకలు లేదు. వెతికితే వసారాలో మీ మావయ్య చేతిలో ఉంది. ఇప్పుడే తెచ్చి నా బల్ల మీద పెట్టి, టీ పెట్టడానికి వెళ్లారు. మార్జిన్లో ఎర్ర సిరాతో ఇలా రాశారు, ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను: ‘చూడడమైనది. విషయము నాలుగవ ఫిర్యాదు నాటికే తెలియును. కంచె బాగుచేయించవలసిన గుమస్తాను నేనే. ఫైలు చేయవలెను.’