జీపు నిలిచిన ఇల్లు

2004 జూలై, గురువారం. ధర్మవరం.

ఆత్మహత్యలు ఆపే మా పథకం ఎంత బాగా పనిచేసిందో చూసి రాయమని నన్ను పంపినారు. చూసినా. రాసేదానికే చెయ్యి రావడంలేదు.

పొద్దున రామక్క ఇంటికి పోయినాం. పోయినేడాది ఆమె మొగుడికి ధైర్యం చెప్పను మావాళ్లు వారం వారం పోయినారు. అయినా మనిషి దక్కలేదు. ఇప్పుడు ఆ మగ్గం మీద ఆమె మరిది నేస్తాండాడు.

"మావాళ్లు వచ్చినందుకు ఏమన్నా మేలు జరిగిందా అక్కా?" అని అడిగినా. నా నోరు పడిపోను.

"మంచిగానే మాట్లాడినారు మేడమ్. కానీ జీపు మీద ఆత్మహత్యలు ఆపేటోళ్లమని అంతంత అక్షరాలతో రాసుకుంటిరి. అది మా వాకిట్లో నిలుస్తాందని తెలిసి షావుకారు పట్టు ఇచ్చేది మానుకున్యాడు. చచ్చేటోడికి ఇస్తే చీర సగంలో నిలిచిపోతాదంట. మగ్గం ఖాళీ అయినాక ఆయప్పకు ఇంకేం ధైర్యముంటాది?"

పక్కనే కూర్చున్న మా పెద్దసారు నా చెవిలో, "జీపును జనం బాగా గుర్తుపడతాండారు, అది రాయి" అన్నాడు. ఇట్లాంటోడా మనసులకు వైద్యం చేసేది!

లేచి బయటికొచ్చినాం. రామక్క మా దిక్కు చూడలేదు. వీధి చివరికి చూస్తాండాది. ఆడ షావుకారు గుమాస్తా స్కూటర్ ఆపి, మా జీపునూ ఆ ఇంటినీ మార్చి మార్చి చూస్తాండాడు.

జీపు తియ్యమని డ్రైవర్ మీద అరిచినా. ఇంక తీస్తేనేమి, తియ్యకుంటేనేమి.

రేపు పెనుకొండలో ఇట్లాంటివే ఇంకొన్ని ఇండ్లు. పోయేది ఈ జీపులోనే.