తాత ట్యాంకుకు తునికాకు రంగు

దుమ్ముగూడెం,
ఏప్రిల్ 4.

ఖమ్మంలో రంగుల దుకాణం నడిపే ఖాలిద్ భాయ్‌కి నమస్కారం.

నేను సైనిక ట్యాంకు నమూనా చేస్తున్నాను. అసలుదానిలో ముప్పై ఐదో వంతు, చెప్పుల డబ్బాలో పడుతుంది. మా తాత పగిడయ్య పన్నెండేళ్లు అలాంటి ట్యాంకే నడిపాడు. ఇంటికొచ్చాక మిలటరీ మాట ఎత్తలేదు. ఈ నెల ముప్పైన మా లైబ్రరీలో ఈ నమూనా మీది గుడ్డ తీసి, నలుగురి ముందు నోరు విప్పుతానన్నాడు. ఒకటే షరతు: "రంగు తప్పయితే గడప తొక్కను."

ఫోటో పంపొచ్చు. కానీ ఒక్కో ఫోన్‌లో ఒక్కో రంగు. తెర మీద కనిపించేది పెట్టుబడిదారు చూపించదలచిన రంగేనని ఒక కరపత్రంలో చదివాను. అందుకే తాత చూపించిన తునికాకునే, అదే బీడీలు చుట్టే ఆకునే, పంపుతున్నాను. ఆయన చేతిలోది పాతబడింది గనుక నేనే పొదలోంచి తాజాది తెంపాను. అచ్చం ఇదే రంగు, యాభై మిల్లీలీటర్లు.

రాజీపడని
శివ

తా.క. కాస్త లేత, కాస్త ముదురు అంటూ బేరాలొద్దు. చరిత్రకు షేడ్ కార్డు ఉండదు.

*

ఖమ్మం,
ఏప్రిల్ 11.

శివ బాబుకు సలాం.

మీ ఆకును కిటికీ వెలుతుర్ల పెట్టి, మూడుసార్లు కలిపి రంగు దించిన. నలభై ఏండ్ల సంది ఇదే పని, వెంట్రుకవాసి తేడా ఉండదు. మంచి గోధుమ రంగు. డబ్బా పంపిస్తున్న. తాతకు నా సలాం చెప్పుండ్రి.

మీ మేలు కోరే
ఖాలిద్

తా.క. ఆకు వాపస్ పంపలేను. మా తమ్ముడు షాబాజ్ దాంతోటి బీడీ చుట్టిండు.

*

దుమ్ముగూడెం,
ఏప్రిల్ 15.

ఖాలిద్ గారికి (భాయ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను),

నేను పంపింది పచ్చటి ఆకు. మీరు పంపింది ఎండిన ద్రోహం! సైన్యం ట్యాంకు పచ్చగా ఉంటుందని బడిపిల్లలకూ తెలుసు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి నోరు మీ డబ్బా వల్ల మళ్లీ మూతపడితే బాధ్యత ఎవరిది?

మరో ఆకు పంపుతున్నాను. తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఇక సాకులుండవు.

నిప్పులాంటి ఆగ్రహంతో
శివ

తా.క. సాక్ష్యాన్ని కాల్చి తాగినవాణ్ణి ప్రజలు క్షమించరని షాబాజ్‌కు చెప్పండి.

*

ఖమ్మం,
ఏప్రిల్ 22.

శివ బాబుకు మళ్లా సలాం.

కోపం చేయకుండ్రి. మేం వచ్చిన రంగు కలుపుతం, రావాల్సిన రంగు కాదు. ఈసారి కవరు విప్పితే ఆకు మీద నల్లమచ్చలు, తెల్లబూజు, అంచుల పొంట పసుపు. మూడు డబ్బాలు పంపిస్తున్న. బూజు రంగు దొరకబట్టనీకె రెండు దినాలు పట్టింది. షాబాజ్ దీన్ని ముట్టలేదు.

ఓపికతో
ఖాలిద్

తా.క. ఆకుల ఒక పురుగు కూడా వచ్చింది. అది మాత్రం మస్తు పచ్చగ ఉంది. దాని రంగు గిట్ల కలపాల్నా?

*

దుమ్ముగూడెం,
మే 1.

ప్రియమైన ఖాలిద్ భాయ్‌కి, షాబాజ్ అన్నకు,

గడువు ముంచుకొచ్చింది. బూజు రంగు ట్యాంకును ఏ సైన్యమూ ఒప్పుకోదు. పళ్లు కొరుకుతూ మీ గోధుమ రంగే పూశాను. నిన్న తాత గుడ్డ తీశాడు. చాలాసేపు చూశాడు.

"అవ్ రా, గిదే!" అన్నాడు.

"ట్యాంకంటే పచ్చ గద తాతా?"

"డిపోల ఉన్నన్ని దినాలు పచ్చ. ఎడారికి పోంగనే మేమే బురద పూసినం. అందుకే నీకు బీడీల ఆకుకట్టలకెల్లి ఎండుటాకు తీసి చూపిన. దాన్ని పారేసి పచ్చిది తెంపింది ఎవడ్రా?"

లైబ్రరీ అంతా నవ్వింది. ఆ నవ్వులోనే తాత మొదలుపెట్టి రెండు గంటలు మాట్లాడాడు. తనతోపాటు బురద పూసి, వెనక్కి రాని రాందాస్ పేరు మేం మొదటిసారి విన్నాం.

'ద్రోహం' అన్న మాటను నా అడ్రసుకే తిరిగి పంపించండి.

తలవంచి
శివ

తా.క. ట్యాంకు పక్కన రాందాస్ బొమ్మ కూడా పెట్టమన్నాడు తాత. యూనిఫాం మాత్రం నిజంగానే పచ్చదట. పురుగు బతికే ఉంటే దాని రంగు యాభై మిల్లీలీటర్లు కలపండి. ఈసారి నేనేమీ తెంపి పంపను.