క్లబ్బు వారి కళ్ళద్దాలు

సేవా క్లబ్బు ప్రెసిడెంటు గారికి,

మార్కెట్టు వెనక సెలూన్ ముసలాయన రాస్తున్నది. నాకు చదువు తక్కువ, నాజూకు అంతకన్నా తక్కువ. సూటిగా చెబుతాను. మీ వారపు మీటింగులో చప్పట్లు కొట్టించి మరీ ఇచ్చిన కళ్ళద్దాలు పనికిరావు. మీటింగుకి ముందు పెట్టి చూపించినప్పుడు చీమ కాళ్ళు కూడా కనబడ్డాయి. ఇంటికొచ్చి పెట్టుకుంటే చేతిలో దువ్వెన కూడా మసకే. ఊరికే ఇచ్చారు కదా అని ఊరుకునే రకాన్ని కాను.

ఇట్లు,
మొహమాటం లేని మనిషి

తా.క. చప్పట్లు మాత్రం బాగున్నాయి.

పెద్దాయన గారికి నమస్కారం.

కొత్త అద్దాలకు కళ్ళు అలవాటు పడాలి. మానకుండా పెట్టుకోండి. నాసిరకమని అనుకోకండి. అందరికీ నమ్మకం కలగాలని, క్లబ్బు పంచే నల్ల ఫ్రేమే నేనూ వాడుతున్నాను. ఆ రోజు ఫోటో పంపుతున్నాను. మెరుపు పడుతుందని ఫోటోగ్రాఫరు మనిద్దరి అద్దాలూ తీయించి బల్ల మీద పెట్టించాడు, గుర్తుందా?

మీ సేవలో,
ప్రెసిడెంటు

తా.క. వయసు నన్నూ వదల్లేదు. నిన్న మీటింగులో కొత్త సభ్యుడికి స్వాగతం చెప్పి చెయ్యి కలిపాను. అది కొక్కేనికి తగిలించిన కోటు.

ప్రెసిడెంటు గారికి,

మీ మాట విని పెట్టుకునే పని చేశాను. మా వియ్యంకుడికి ఒకవైపు మీసం లేదు. ఆయన ప్రాణమంతా ఆ మీసంలోనే ఉండేది. కోడలు నాతో మాట్లాడటం మానేసింది. మా అబ్బాయి కత్తెర దాచేశాడు. ఇది శుక్లమే, గురువారం ఆపరేషన్ చేయించుకుని ఇక ఇంట్లో కూర్చో నాన్నా అంటున్నాడు. జన్మంతా నిలబడి బతికినవాణ్ణి, కూర్చుని ఏం చెయ్యాలి? ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళందరి గొంతు మీదా కత్తి పెట్టాను గానీ, నా కంటి మీద కత్తి అనేసరికి ముద్ద దిగడం లేదు. ఈ పాపం మీదే.

ఇట్లు,
కత్తెర పోయినవాడు

తా.క. ఫోటో అందింది. అందులో ఎవరున్నారో రాస్తే సంతోషిస్తాను.

ప్రెసిడెంటు గారికి,

మీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. శుక్లమూ లేదు, ఆపరేషనూ లేదు. డాక్టరమ్మ అద్దాలు చూసి, "తాతా, ఇవి దూరపు చూపువి. మీవి కావు" అంది. మా అబ్బాయి కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు. ప్రాణం లేచొచ్చింది. ఇంతకీ ఎవరి అద్దాలు నా ముక్కు మీద పెట్టారో కనుక్కోండి.

ఇట్లు,
మళ్ళీ సెలూన్ ఓనరు

తా.క. ఆసుపత్రిలో కంట్లో మందు వేసి, కళ్ళు మూసుకోమని బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన ఇంకో పెద్దమనిషి. క్లబ్బు ప్రెసిడెంట్లకి ఫోటో మీదున్న శ్రద్ధ పని మీద ఉండదని చెప్పాను. "నిజమేనండీ, అలాంటివాణ్ణి ముందు దింపెయ్యాలి" అన్నాడు. న్యాయం తెలిసిన మనిషి.

పెద్దాయన గారికి,

ఆ న్యాయం తెలిసిన మనిషిని నేనే.

నేనూ మందు వేయించుకుని కళ్ళు మూసుకునే ఉన్నాను, మీరు వేరే క్లబ్బు గురించి చెబుతున్నారనుకున్నాను. కోటు సంగతి తర్వాత మా సభ్యులు నాకూ శుక్లమని తేల్చి, కొత్త ప్రెసిడెంటును వెతకడం మొదలుపెట్టారు. మీ తర్వాత నన్ను పిలిచిన డాక్టరమ్మ, "మీ కళ్ళు బాగానే ఉన్నాయి, ఇవి దగ్గర చూపు అద్దాలు. ఎవరివి?" అని నవ్వింది. మీవే. బల్ల మీద రెండూ ఒకే ఫ్రేము కదా, మీవి నేనూ నావి మీరూ పెట్టుకుని వెళ్ళాం. ఈ వారం మీటింగులో ఆ మాట చెబితే, మీకు కొట్టిన వాటికన్నా పెద్ద చప్పట్లు పడ్డాయి. పదవి నిలిచింది. రేపు పొద్దున్నే మీ అద్దాలు నేనే తెస్తాను. ఇకమీదట నా ఫ్రేము ఎరుపు.

మీ పక్కన కూర్చున్నవాడు,
ప్రెసిడెంటు

తా.క. వచ్చినప్పుడు జుట్టు కూడా కత్తిరించండి. అద్దాలు మార్చుకున్నాకే. ఫోటోగ్రాఫరును తీసుకురావడం లేదు.