అమ్మ వేసిన లైటు

కామాక్షీ,

చేపల పులుసు పొయ్యి మీదనే మూతపెట్టి ఉంచినా. వేడి చేసుకుని తిను. నాకు రొయ్యపిల్లల హేచరీలో రాత్రి డ్యూటీ పడింది, పొద్దున గాని రాను.

తిన్నాక ఉప్పునీళ్ల అక్వేరియం కాడికి పో. నీళ్లు తగ్గినాయని నిన్ననే చెప్పినా, నువ్వు వినిపించుకోలా. బిందెలో మంచినీళ్లు పెట్టుండా, అవే పొయ్యి. ఉప్పునీళ్లు పొయ్యొద్దు. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు అందులోనే ఉంటాది.

తర్వాత, అందులో పెరిగే నాచు మీదుండే లైటు ఆర్పెయ్.

దాన్ని నువ్వెందుకు ఆర్పడం లేదో నాకు తెలుసు. ఆ రోజు పొద్దున అమ్మ తన చేత్తో వేసింది. మధ్యాహ్నం ఆసుపత్రికి పోయిన మనిషి మళ్లీ తిరిగి రాలా. అప్పటినించీ రాత్రింబగళ్లు అది వెలుగుతానే ఉండాది. మొన్న కరెంటు పోతే నువ్వు ఫ్యాను ఆపేసి, ఆ లైటు ప్లగ్గు తెచ్చి ఇన్వర్టరుకి పెట్టినావు. నేను చూసినా.

కానీ నాచు కొసలు తెల్లబడిపోతా ఉండాయి. దానికీ కాస్త చీకటి కావాల. నీళ్లు శుభ్రంగా ఉంచేది ఆ నాచే. అది కుళ్లిందంటే చేపలు కూడా పోతాయి. అమ్మ అంత ముచ్చటపడి పెంచుకున్నదాన్ని మన దిగులుతో మనమే చంపుకోకూడదు.

తలుపు గడియ పెట్టుకో.

నాన్న

ఇంకోమాట. నేనే ఆర్పేసి పోదామని స్విచ్చి దాకా పోయినా. చేతులు రాలా తల్లీ. నువ్వు ఆర్పు. పొద్దున వచ్చి నేను వేస్తా.